కారు కారుటకు కారణం

మధుసూదనరావుకి యాభై ఆరో ఏట కుర్రతనం వచ్చింది. కొందరికి ఆ వయసులో షుగరు వస్తుంది, కొందరికి వైరాగ్యం వస్తుంది. ఆయనకి ఎర్రకారు వచ్చింది.

తెనాలిలో విత్తనాల కొట్టు నడుపుకునే మనిషి. అలాంటివాడు, పంతొమ్మిది వందల తొంభై ఆరులో జపాను వాళ్ళు చేసిన రెండు తలుపుల స్పోర్ట్స్ కారుని హైదరాబాదులో ఒక డాక్టరుగారి షెడ్డులోంచి వెతికి మరీ తెచ్చుకున్నాడు. దాని లైట్లు మామూలుగా కనపడవు. స్విచ్ నొక్కితే కళ్ళు తెరిచినట్టు బానెట్‌లోంచి పైకి లేస్తాయి. అంటే లేవాలి. ఎడమది లేచేది, కుడిది కాసేపు ఆలోచించేది. దాంతో సాయంత్రంపూట ఎదురొచ్చే వాళ్ళందరికీ ఆ కారు కన్నుకొడుతున్నట్టుండేది. సీట్లు నేలకి జానెడు ఎత్తున ఉంటాయి కాబట్టి ఎక్కడం అనే మాట దానికి పనికిరాదు. లోపలికి దిగాలి, బయటికి పాకాలి. మీటరు మీద నూట ఎనభై దాకా అంకెలున్నాయి. రేపల్లె రోడ్డు మీద నలభై దాటితే అడుగున తగిలి కారే స్వయంగా వద్దని చెప్పేది.

కొన్న రెండేళ్ళలో ఆయన దాన్ని తుడిచినంత కాలం నడపలేదు. అయినా సంతోషంగానే ఉన్నాడు. సంతోషంగా లేనిది ఆయన భార్య వసుంధర.

వసుంధర హైస్కూల్లో సోషల్ టీచరు. ఫలానా యుద్ధమునకు కారణములేవి, ఫలానా రాజ్య పతనమునకు కారణములేవి అని పాతికేళ్ళుగా పిల్లల్ని అడిగీ అడిగీ, ఇంట్లో పాలు విరిగినా ముందు కారణం అడిగే అలవాటు పడ్డ మనిషి. ఏప్రిల్లో ఇద్దరూ గుంటూరులో పెళ్ళికి బయల్దేరారు. నందివెలుగు దాటేసరికి ఏసీ చల్లదనం మానేసి వేడిగాలి కొట్టడం మొదలుపెట్టింది. చల్లదనమంతా నీళ్ళలోకి పోయిందేమో, డాష్‌బోర్డు కిందనుంచి చల్లటి నీళ్ళు ఆవిడ కాళ్ళ మీద ధారగా పడ్డాయి. మొహానికి వడగాలి, కాళ్ళకి అభిషేకం. గుంటూరు చేరేసరికి మీగడరంగు వెంకటగిరి చీర కుచ్చిళ్ళ మీద అరచెయ్యంత పసుపుపచ్చటి మరక. దానికితోడు కారంతా పులిసిన గంజి వాసన.

మర్నాడు చీరకి సబ్బు పెట్టగానే మరక కాస్తా ఎర్రబడింది.

"చూశావా, తుప్పు!" అన్నాడు మధుసూదనరావు విజయగర్వంతో.

"సబ్బు తగిలితే ఎర్రబడేది పసుపండీ. ఆ మాత్రం నాకు తెలీదా?"

"కార్లో పసుపెందుకు ఉంటుందే? ఏసీలో పులిహోర గానీ కలుపుతున్నారా? అది జపాను ఇనుము. దాని తుప్పు అలాగే ఉంటుంది."

జపాను ఇనుము గురించి వసుంధరకి తెలియదు కాబట్టి ఊరుకుంది. ఆయనకీ తెలియదనుకోండి, అది వేరే సంగతి. ముప్పై ఏళ్ళ కాపురంలో ఆయన గెలిచిన వాదన అదొక్కటే. ఆ గెలుపు రుచి వారం రోజులు నాలిక మీదే ఉంది.

కారుని తీసుకెళ్ళి ఊళ్ళోనే ఏసీలు బాగుచేసే రాజీవ్‌కి చూపించాడు. రాజీవ్ కొట్టు అద్దాల తలుపులతో, నల్లకోటు వేసుకున్నవాడి ఫోటోతో దర్జాగా ఉంటుంది. కారు తలుపు తీయకుండానే, కనీసం కుర్చీలోంచి లేవకుండానే, "గ్యాస్ తగ్గింది సార్" అన్నాడు. గ్యాస్ పట్టాడు. పది రోజులు చల్లగా ఉంది, పదకొండో రోజు మళ్ళీ వడగాలి. మళ్ళీ వెళితే మళ్ళీ గ్యాస్ తగ్గింది. మూడోసారి నీళ్ళ సంగతి గట్టిగా అడిగితే, "గ్యాస్ సరిగ్గా సెట్టయితే నీళ్ళు వాటంతటవే ఆగిపోతాయి సార్" అన్నాడు. తెనాలిలో గ్యాస్ కొట్టేవాళ్ళకి ఎప్పుడూ కొదవ లేదు. కాకపోతే దానికి సిలిండరు కూడా పెట్టుకున్నది మాత్రం ఇతనే.

మే నెల రెండోవారంలో వసుంధర తీర్పు చెప్పింది. ఆవిడ అన్నగారు బాపట్లలో కొత్త ఇల్లు కట్టుకున్నాడు. ఆదివారం గృహప్రవేశం. ఆ అన్నగారి కొడుకు ప్రణీత్ బాపట్ల అవతల రొయ్యల చెరువులు చేస్తాడు. ఎర్రకారుని చూసినప్పటినుంచీ దాని పక్కన నిలబడి వీడియోలు తీయించుకోవాలని కలలు కంటున్నాడు. ఇచ్చెయ్యి మావయ్యా అని రెండేళ్ళుగా నస.

"ఆదివారం మనం ఈ కార్లోనే బాపట్ల వెళ్తున్నాం. నా కాళ్ళ మీద ఒక్క చుక్క పడకూడదు, మొహానికి చల్లగాలి తగలాలి. తగిలిందా, కారు మీది. నేను మళ్ళీ నోరెత్తను. తగల్లేదా, బాపట్లలో తాళం ప్రణీత్ చేతిలో పెట్టేసి మనం బస్సులో వచ్చేస్తాం."

"అదేంటి వసుంధరా, అంత మాటన్నావ్?"

"కారు కారుటకు కారణమేమి? నాలుగు వాక్యాల్లో చెప్పండి. నెలన్నరనుంచీ అడుగుతున్నాను, ఒక్క వాక్యం రాలేదు."

మధుసూదనరావుకి ఆ రాత్రి అన్నం సయించలేదు. కారు పోతుందన్న బాధ ఒక ఎత్తు. అది రొయ్యల మేత బస్తాల పక్కన, ప్రణీత్ నల్లకళ్ళద్దాల వెనక నిలబడి ఉంటుందన్న ఊహ ఇంకో ఎత్తు.

శుక్రవారం కొట్టుకి నిజాంపట్నం వైపునుంచి వచ్చిన ఒక రైతు ఈ గోడంతా విని, జాలిపడి, రేపల్లెలో లూకా ఉన్నాడని చెప్పాడు. నిజాంపట్నం రేవు దగ్గర ఐసు ఫ్యాక్టరీలో ఇరవై ఏళ్ళు పనిచేసి, ఇప్పుడు రేపల్లెలో షెడ్డు వేసుకుని చేపల లారీల కూలింగు చూస్తాడట. "రేపే ఎళ్ళండి. ఎల్లుండి ఆదివారం, ఆయన చర్చికెళ్తాడు. ఆకాశం ఊడిపడ్డా పానా ముట్టుకోడు" అని హెచ్చరించాడు కూడా.

శనివారం పొద్దున్నే మధుసూదనరావు రేపల్లెలో ఉన్నాడు. అద్దాల తలుపులు లేవు, నల్లకోటు ఫోటో లేదు. రేకుల షెడ్డు, దానికింద అరవై దాటిన లూకా. చేపల కంపు కొడుతున్న లారీల మధ్య ఎర్రకారుని నిలబెడుతుంటే, పెద్దింటి పిల్లని సంతలో వదిలినట్టు ఆయన మనసు కలుక్కుమంది.

"ఏమయ్యా, గ్యాస్ పట్టడానికి ఎంతసేపు పడుతుంది?" అన్నాడు.

"గ్యాస్ సంగతి తర్వాత చూద్దావండి. ముందు ఏం పోతందో చూడనివ్వండి" అన్నాడు లూకా.

పానా పట్టుకోబోయే ముందు లూకా బానెట్ మీద చెయ్యి ఆనించి, కళ్ళు మూసుకుని ఒక్క నిమిషం ప్రార్థన చేసుకున్నాడు. జపాను యంత్రాన్ని ప్రార్థనతో బాగుచేసేవాడి దగ్గరికి వచ్చిపడ్డానా అని మధుసూదనరావు జేబులో తాళం తడుముకున్నాడు. తర్వాత లూకా భార్య పుల్లమ్మ ఒక గిన్నెలో కుంకుడురసం నురగ తెచ్చి పెట్టింది. ఇక తలంటు కూడా పోస్తారన్నమాట అనుకున్నాడు.

లూకా ఏసీ గొట్టాల్లోకి సిలిండరులోంచి ఒత్తిడిగా గాలి పట్టించి, చెవి ఆనించి విన్నాడు. తర్వాత బ్రష్షుతో ఆ నురగ తీసుకుని అతుకు అతుకుకీ పూస్తూ పోయాడు. సబ్బునురగ అయితే ఎండకి ఇట్టే ఆరిపోతుందనీ, కుంకుడునురగ నిలబడుతుందనీ, ఐసు ఫ్యాక్టరీలో పెద్దాయన ఒకడు నేర్పాడనీ మెల్లిగా చెప్పాడు. ఏడో అతుకు దగ్గర, ఇంజను వెనక చెయ్యి దూరని సందులో, ఆవగింజంత బుడగ లేచింది. పగిలింది. మళ్ళీ లేచింది.

అతుకు విప్పి లోపలి రబ్బరు వాషర్ని బయటికి తీశాడు. గోటితో గిల్లితే పొడైపోయింది.

"మీ గ్యాసంతా పోయేది దీనిలోంచేనండి. మూడుసార్లు పట్టింది మూడుసార్లూ ఇటే పోయింది. అయితే ఇది ఒక జబ్బేనండి. మీ బండికి రెండున్నయ్యి. పోకూడనిది పోతంది, పోవాల్సింది పోవట్లేదు."

"అంటే?"

"గ్యాస్ లోపలుండాలండి, అది బయటికి పోతంది. నీళ్ళు బయటికి పోవాలండి, అయ్యి లోపలే ఉండిపోతన్నయ్యి. చల్లకుండకి చెమట పట్టినట్టు ఏసీకీ పడతదండి. ఆ నీళ్ళు సన్నగొట్టంలోంచి బండి కిందకి కారాలి. కారాల్సిన చోట కారితే ఎవరికీ బాధలేదు."

మధుసూదనరావుకి మాటలో తేడా తెలియకుండానే, "అయితే ఇప్పుడేం చేద్దాం లూకా గారూ?" అని వచ్చేసింది.

లూకా పక్కసీటు ముందు పడుకుని, డాష్‌బోర్డు కింద పెట్టె విప్పి, ఆ సన్నగొట్టంలోకి తీగ తోశాడు. ముందు ఏమీ రాలేదు. తర్వాత గుప్పుమని గంజివాసన వచ్చింది. ఆ తర్వాత పసుపుపచ్చటి ముద్ద, చారెడు, నెమ్మదిగా జారి పళ్ళెంలో పడింది.

"తుప్పు" అన్నాడు మధుసూదనరావు. అలవాటు.

లూకా వేలితో ముద్దని విడదీశాడు. "తుప్పు కాదండి. బియ్యం."

"బియ్యమా?"

"అక్షింతలండి. బండికి పూజ చేయించారా?"

"చేయించాను. కొన్నప్పుడు, ఒకే ఒక్కసారి. రెండేళ్ళయింది."

"ఒక్కసారియ్యి కాదండి ఇయ్యి. ఇదిగో, అడుగున ఉన్నయ్యి పిండైపోయినయ్యి. మధ్యలోయ్యి మెత్తబడినయ్యి. ఈ నాలుగు గింజలూ చూడండి, ఇంకా పసుపన్నా వదల్లేదు. ఈ వారంలో పడినయ్యే." లూకా లేచి కారు ముందు అద్దం కింద ఉన్న జల్లెడలాంటి కంతలు చూపించాడు. "లోపలికి గాలెళ్ళేది ఇటునించేనండి. కొత్త కార్లకైతే అడ్డం ఫిల్టరుంటది, దీనికి లేదు. అద్దం మీద పడ్డయ్యి జారి ఇందులోకే పోతన్నయ్యి. మీ ఇంట్లో ఎవరో మీరు బండి తీసినప్పుడల్లా ఏస్తన్నారండి."

మధుసూదనరావు లెక్కవేశాడు. ఇంట్లో ఉండేది ఇద్దరు. అందులో ఒకరు తను.

ముందు నమ్మబుద్ధి కాలేదు. తర్వాత కోపం వచ్చింది. ఆ కోపంలోంచి మెల్లిగా, వర్షాకాలపు ఎండలా, గొప్ప ఆనందం పైకి వచ్చింది. నెలన్నరగా తనని నిలబెట్టి కారణం అడుగుతున్న మనిషే కారణం! కొండని తవ్వి ఎలుకని పట్టడం అంటే అందరూ ఎగతాళి చేస్తారు గానీ, ఆ ఎలుక తనకి తీర్పు చెప్పిన జడ్జిగారే అయితే ఎంత బావుంటుందో ఎవరికి తెలుసు! ఆ ముద్దని పారెయ్యనివ్వకుండా, పుల్లమ్మని అడిగి ఖాళీ ఊరగాయ సీసా తీసుకుని, అందులో నింపి మూతపెట్టాడు.

లూకా కొత్త వాషర్ వేసి, గంటసేపు ఆగి, మళ్ళీ నురగ పూసి బుడగ రాదని తేల్చుకుని, అప్పుడు గ్యాస్ పట్టాడు. చివర్న అద్దం కింది కంతల కింద దోమతెర ముక్క ఒకటి కత్తిరించి బిగించాడు.

"అదెందుకండీ? ఇంటికెళ్ళగానే ఆ వేయడమేదో మాన్పించేస్తాగా."

"మాన్పించలేరండి" అన్నాడు లూకా. "నేను బండి తీసినప్పుడల్లా మా పుల్లమ్మ దానిమీద చెయ్యేసి ప్రార్థన చేస్తది. ప్రార్థన కాబట్టి గొట్టంలో ఇరుక్కోదు. అంతేనండి తేడా."

తిరుగుదారిలో ఏసీ ఎముకలు కొరికేట్టు పనిచేసింది. కారు కింద, కారాల్సిన చోట, చుక్కలు చుక్కలుగా నీళ్ళు కారాయి. మధుసూదనరావు మాత్రం అవేవీ పట్టించుకోలేదు, ఉపన్యాసం తయారుచేసుకుంటున్నాడు. భట్టిప్రోలు దాటేసరికి ప్రారంభం కుదిరింది: "వసుంధరా, కారు కారుటకు కారణం దొరికింది. నాలుగు వాక్యాలు అక్కర్లేదు, ఒక్క సీసా చాలు." వేమూరు దగ్గర మధ్యభాగం కుదిరింది: అక్షింతలు మనుషుల మీద వేస్తారు గానీ యంత్రాల మీద వేస్తారా? మా అమ్మ ఉన్నన్నాళ్ళూ నేను గుంటూరు వెళ్ళినా గుమ్మంలో నిలబెట్టి తలమీద వేసేది, ఆవిడ పోయేదాకా ఏ యంత్రానికైనా వేసిందా? జంపని దగ్గరికొచ్చాక ఒక చిక్కు కనిపించింది. సీసా చూపిస్తే చీర మీద మరక పసుపేనని తేలిపోతుంది. ఈ వాదన గెలవాలంటే ఆ వాదన ఓడాలి. ముందు నుయ్యి, వెనక గొయ్యి. తెనాలి పొలిమేరలో, చిన్న వాదన పోయినా పెద్ద వాదన ముఖ్యమని సర్దిచెప్పుకున్నాడు.

కానీ శనివారమే చెప్పేస్తే రుచేముంది? దొంగని సొత్తుతో సహా పట్టుకోవాలి. సీసాని సీటు కింద దాచి, "ఏమయింది?" అన్న భార్యకి, "రేపు చూస్తావుగా" అని పెద్ద నవ్వు నవ్వాడు.

ఆదివారం పొద్దున్న ఆరున్నరకి కారు గేటు ముందు పెట్టాడు. వసుంధర పట్టుచీర కట్టుకుని వచ్చింది. సీసాని లాల్చీ జేబులోకి దోపి, "అయ్యో, కళ్ళజోడు మర్చిపోయాను" అని ఆయన లోపలికి వెళ్ళి, కిటికీ రెక్క సందులోంచి చూస్తూ నిలబడ్డాడు. కళ్ళజోడు మొహం మీదే ఉంది.

వసుంధర ఒకసారి గుమ్మం వైపు చూసింది. చేతిసంచిలోంచి చిన్న స్టీలు డబ్బా తీసింది. పెదాలు ఏదో అనుకుంటున్నట్టు కదిలాయి. రెండు వేళ్ళతో నాలుగు గింజలు తీసి, కారు ముందు అద్దం మీద మెల్లిగా, తల మీద వేసినట్టే, వేసింది. అవి జారి కంతల్లోకి వెళ్ళాయి.

"దొరికావ్!" అంటూ మధుసూదనరావు బయటికి దూకాడు. సీసా పైకెత్తాడు. "ఇదిగో నీ పసుపు! ఇదిగో నీ కారణం! రెండేళ్ళ అక్షింతలు, గొట్టంలో ముద్దకట్టి, నీ కాళ్ళ మీద పడ్డ నీళ్ళకి నువ్వే..."

వసుంధర సీసా వంక చూసింది, కంతల వంక చూసింది. చరిత్ర పాఠాలు చెప్పే మనిషికి కారణానికీ ఫలితానికీ మధ్య దారి కనపడటానికి రెండు క్షణాలు చాలు. ఆవిడ మొహం ఎర్రబడింది.

"వీటివల్లేనా?" అంది చిన్నగా.

ముప్పై ఏళ్ళుగా ఎదురుచూసిన క్షణం అది. వేమూరు దగ్గర తయారైన ముక్క నోటిదాకా వచ్చింది. "అసలు అక్షింతలు మనుషుల మీద వేస్తారు గానీ కారు మీద వేస్తారా ఎవరైనా?"

"మీ మీద వెయ్యకూడదు కదండీ" అంది వసుంధర, డబ్బా మూత పెడుతూ. "అత్తయ్యగారు ఉన్నన్నాళ్ళూ మీరు ఊరెళ్తుంటే నెత్తిన నాలుగు గింజలు వేసి పంపేవారు. ఇప్పుడు మీకు వేసేవాళ్ళెవరూ లేరు. నేనేమో మీకన్నా చిన్నదాన్ని, వెయ్యకూడదాయె. కారు తొంభై ఆరుది. నాకన్నా చిన్నదేగా."

మధుసూదనరావు ఎత్తిన సీసాని మెల్లిగా దించాడు. అమ్మ పోయాక ఏ ఊరు బయల్దేరినా గుమ్మంలో ఒక్క క్షణం తల వంచబోయి, ఎందుకో గుర్తురాక, మళ్ళీ ఎత్తేసే అలవాటు ఒకటి తనకి మిగిలిపోయిందని ఆయనకి అప్పుడే తెలిసింది. అది ఆవిడ చూస్తూనే ఉందని కూడా తెలిసింది.

వెళ్ళి, సీసాని గేటు పక్క మందారమొక్క మొదట్లో బోర్లించి వచ్చాడు.

"ఇంకో నాలుగు వెయ్యి" అన్నాడు, అద్దం వైపు చూపిస్తూ. "పొన్నూరు అవతల రోడ్డు బాగోలేదు."

"మళ్ళీ గొట్టంలో పడతాయేమోనండీ."

"పడవు. లూకా గారు దోమతెర వేశాడు."

బాపట్ల దాకా చల్లటి గాలి కొట్టింది. ఒక్క చుక్క పడలేదు. కొత్త ఇంటి ముందు కారు ఆగగానే, అత్త పెట్టిన షరతు ముందే విన్న ప్రణీత్ నల్లకళ్ళద్దాలు సర్దుకుంటూ పరిగెత్తుకొచ్చి, తాళం కోసం చెయ్యి చాపాడు. వసుంధర కారులోంచి పాకి బయటికొచ్చి, నిలదొక్కుకుని, అటుగా వెళ్తున్న పళ్ళెంలోంచి ఒక పూర్ణంబూరె తీసి ఆ చేతిలో పెట్టింది.

"అదేంటత్తా? ఏసీ బాగైపోయిందా?" బూరె వంక దిగులుగా చూస్తూ అడిగాడు ప్రణీత్. "ఇన్నాళ్ళూ ఎందుకు కారింది మావయ్యా? కారణం ఏంటంట?"

వసుంధర భర్త వంక చూసింది. మధుసూదనరావు కళ్ళజోడు తీసి లాల్చీ అంచుతో తుడుచుకున్నాడు.

"వాషర్రా" అన్నాడు. "పాతబడిన వాషరు."